దుప్పి తగిలిన తెల్లారి

ఇస్సాకుకు కోపం ఎక్కువ. వరంగల్ స్టేషను ముందర కిరాయి కార్లు నిలబెట్టుకునే వాళ్లలో ఎవరిని అడిగినా ఈ మాటే చెప్పేవారు, చెప్పి నవ్వేవారు. ఎందుకంటే ఆ కోపం వట్టి పాలపొంగు. ప్యాసింజరు బేరమాడితే చాలు, కాళ్లు లేవా, నడిచిపో అని కసిరేవాడు. ఆ మనిషి మూట ఎత్తుకుని నాలుగడుగులు వేశాడో లేదో వెనక నుంచి హారన్ కొట్టి పిలిచి, అతను అడిగినదానికే ఎక్కించుకునేవాడు. ఇక ఆయన తిట్లలో సగం ఆ కారుకే పోయేవి. ఏ జాగీర్దారు ఇంట్లోనో దర్జాగా బతికి, చేతులు మారి మారి, రంగు వెలిసి, చివరికి ఇస్సాకు పాలబడిన పాత ఫోర్డు అది. పొద్దున్నే హ్యాండిల్ పెట్టి తిప్పుతూ దాని వంశాన్నంతా తిట్టిపోసేవాడు. ఇంజను అందుకోగానే బానెట్ మీద తట్టి, నా తల్లివి కదా అనేవాడు.

తండ్రి డోర్నకల్‌లో రైలు పట్టాల గ్యాంగులో కూలీ. కొడుకు చదువుకుంటాడని మిషను బడిలో వేస్తే, ఇస్సాకు బడి గోడ దూకి లారీల దగ్గర తేలాడు. క్లీనరుగా తిట్లు తిన్నాడు, తన్నులు తిన్నాడు, ఆఖరికి స్టీరింగు పట్టాడు. తిన్న తిట్లన్నీ దాచుకుని ఇప్పుడు వడ్డీతో సహా పంచుతున్నాడని భార్య మార్తమ్మ ఎత్తిపొడిచేది. ఆయన గొప్ప మెకానిక్కేమీ కాదు. ఏదైనా పాడైతే ముందు తిట్టేవాడు, తర్వాత కొట్టేవాడు, అప్పటికీ వినకపోతే షెడ్డుకు తోలుకుపోయేవాడు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే మాత్రం పక్క బెంచీల వాళ్లు తమ పాట ఆపేయాల్సి వచ్చేది. గొంతు అంత పెద్దది, రాగం అంత తక్కువ.

అంతటి మనిషికీ కోత పండుగ వస్తే ముఖం చిన్నబోయేది. ఆ రోజు పల్లెల నుంచి వచ్చిన వాళ్లు తమ చేనులో పండిన మొదటి వడ్లో, పెరట్లో కాసిన గుమ్మడికాయో, ఇంట్లో పెరిగిన కోడో తెచ్చి దేవుని ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని బయట షామియానా కింద వేలం వేస్తారు. ఎవరైనా పాడుకోవచ్చు, చర్చివాళ్లే కానక్కర్లేదు. మేకపిల్లల కోసం, పుంజుల కోసం ఊళ్లో అన్ని వాడల వాళ్లూ వచ్చేవారు. ఇస్సాకుకు చేను లేదు, పెరడు లేదు. ఏటా మండీబజారులో కోడిని కొనుక్కొచ్చి పెట్టేవాడు. కొన్న కోడి నా పంట ఎట్లయితదని ఇంటికొచ్చి మార్తమ్మ మీద విరుచుకుపడేవాడు, ఆ కోడిని ఆమే కనిపెంచినట్టు.

అరవైల మొదట్లో ఒక ఏడు, ఆయన కోడి తేలేదు. తన వంతు రాగానే లేచి వెళ్లి కానుకల పళ్లెంలో కారు తాళంచెవి పెట్టాడు.

పాస్టరుగారు తెల్లబోయి చూస్తే, "నా పంట గిదే అయ్యగారూ," అన్నాడు. "పాడుకున్నోళ్లను ఏడికంటె ఆడికి తోల్కపోత. ఒక్క దినం. పెట్రోలు గూడ నాదే."

వేలంలో ఆ తాళంచెవి వంతు వచ్చేసరికి షామియానా కింద సంబరమే సంబరం. బట్టల దుకాణం ఆసామి రామప్ప గుడికి పోవాలని పాడాడు. ఆయనకు పోటీగా ఒక కాంట్రాక్టరు పాడాడు. ఇద్దరూ నవ్వుకుంటూ పెంచుకుంటూ పోతుంటే వెనక నుంచి పోశయ్య అనే మనిషి పాట అందుకున్నాడు. ధాన్యం మార్కెట్లో బస్తాలు మోసే హమాలి. ఊరు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఒక పల్లె. చర్చి మనిషి కాదు. హమాలికి కారు దేనికిరా, బస్తాలు మోయడానికా అని జనం వేళాకోళం చేశారు. పోశయ్య నవ్వలేదు, ఆగలేదు. అతని ముఖం చూసి ముందు కాంట్రాక్టరు తగ్గాడు, తర్వాత దుకాణం ఆసామి తగ్గాడు.

జనం పలచబడ్డాక పోశయ్య తాళంచెవిని రెండు చేతుల్లో పెట్టుకుని ఇస్సాకు దగ్గరికి వచ్చి సంగతి చెప్పాడు. అతని భార్య యాకమ్మకు కుష్టు. బిడ్డ చిన్నగా ఉన్నప్పుడే ఒంటి మీద మచ్చలు తేలి, వేళ్లు వంకరపోతుంటే, ములుగు అవతల అడవిలో ఉన్న మిషను దవాఖానలో చేర్చారు. ఏళ్ల తరబడి తెల్ల గోళీలు మింగింది. జబ్బు పోయింది, ఇంకెవరికీ అంటదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. తీసుకురావడమే కాలేదు. పోయిన ప్రతిసారీ, ఆమె వేళ్లు చూసి బస్సులో కూర్చున్నవాళ్లు గోల పెట్టడం, కండక్టరు దింపేయడం. ఇప్పుడు బిడ్డ వరలక్ష్మి పెండ్లి కుదిరింది. తల్లి సంగతి తెలిసే పిల్లను చేసుకుంటున్నారు. కానీ పందిట్లో పెండ్లికొడుకు కాళ్లు కడగాల్సిన తల్లి స్థానంలో ఎవరు కూర్చోవాలన్నదే తగువు. తోటికోడలు కూర్చుంటుందని కులపెద్దలంటున్నారు. పెండ్లికొడుకు తండ్రి మొగిలయ్య చెడ్డవాడు కాడు, జంకుతున్నవాడు. అందరి ముందు ఒక్క మాట అన్నాడు. ఎవడన్న ఆమెను తన పక్కన కూసోబెట్టుకుని తోల్కత్తె, నేను పందిట్ల కూసోబెడత అని.

"నీ పక్కన కూసోబెట్టుకొని తీస్కరా అన్నా," అన్నాడు పోశయ్య. "పట్టపగలు, పదిమంది జూస్తాంటె."

ఇస్సాకు ఒక అడుగు వెనక్కి వేశాడు. డోర్నకల్‌లో చిన్నప్పుడు స్టేషను బయట అడుక్కునే కుష్టువాళ్లను చూసి పరుగెత్తినవాడే ఆయనా. కానీ దేవుని పళ్లెంలో పెట్టిన తాళంచెవిని వెనక్కి ఎలా తీసుకుంటాడు? సరేనన్నాడు. ఇంటికొచ్చి అన్నం పళ్లెం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. సంగతి విన్న మార్తమ్మ పళ్లెం మీద మూత పెట్టింది. తర్వాత, దేవునికిచ్చినంక ఎవలు కూసుంటరని అడుగుతరా అని ఆమే అంది. అన్నది గానీ, బయలుదేరే రోజు కొత్త గోనెసంచి ఒకటి తెచ్చి వెనక సీటు మీద తానే పరిచింది. ఆమెకు పిల్లలున్నారు మరి. ఇస్సాకు ఆ గోనె వంక చూసి, చూడనట్టు ఊరుకున్నాడు. మనసులో ఒక ఉపాయం కూడా చేసుకున్నాడు. దారంతా ఆమెను వెనక కూర్చోబెట్టి, ఊరి పొలిమేర రాగానే ముందు సీట్లోకి పిలిస్తే సరిపోతుంది. పందిట్లోవాళ్లు చూసేది చివరి అర మైలే కదా.

పెండ్లికి ముందురోజు మధ్యాహ్నానికే ఆమెను ఎక్కించుకోవాల్సింది. దారిలో ఒక టైరు పంక్చరై, దాన్ని తిట్టి కొట్టి అతికించుకుని దవాఖాన చేరేసరికి డాక్టరమ్మ పల్లెల మీదికి పోయింది. ఆమె తిరిగొచ్చి యాకమ్మకు గోళీలిచ్చి, జాగ్రత్తలు చెప్పి పంపేసరికి దీపాలు పెట్టారు. రాత్రికి ఇక్కడే పడుకుని తెల్లవారుజామున పొండి, అడవి దారి అని డాక్టరమ్మ ఎంతో చెప్పింది. ఇస్సాకు వింటేనా? ఆ ఆవరణలో చాప పరుచుకుని పడుకోవడం కన్నా పులి నోట్లో తల పెట్టడం నయమనిపించింది ఆయనకు.

యాకమ్మ ఒక మూట పట్టుకుని వచ్చింది. బక్కపలచని మనిషి. నుదుట పెద్ద బొట్టు. కారు తలుపు తీసి గోనె చూసింది. ఒక్క క్షణం ఆగి, ఆ గోనె మీదే సర్దుకుని కూర్చుంది.

ఇక ఇస్సాకు బండి నడిపిన తీరు చెప్పుకుంటే నవ్వొస్తుంది, తర్వాత నవ్వు రాదు. వెనక ఆమె వదిలిన ఊపిరి తన ముక్కులోకి పోకుండా, తలంతా కిటికీ బయట పెట్టి తోలాడు. దుమ్ము కళ్లలో పడుతోంది. గాలికి చెవులు గింగిరాలెత్తుతున్నాయి. ఒక్క కన్ను మూసి, ఒక్క కన్ను తెరిచి, మెడ కొంగలా సాచి అడవి దారిలో ఫోర్డును ఉరికించాడు. వెనక నుంచి యాకమ్మ ఏదో అంటోంది. మళ్లీ అంది. గట్టిగా అరిచింది. తల బయట ఉన్నవాడికి ఏం వినబడుతుంది? దీపాల వెలుగులో కొమ్ముల దుప్పి ఒకటి రోడ్డు మధ్య నిలబడి ఉంది. ఆయన చూసేసరికి బానెట్ ముందు ఉంది.

దెబ్బకు బండి పక్కకు తిరిగి కాలువ అంచున ఆగింది. ఒక దీపం పగిలింది. ఒక పక్క మడ్‌గార్డు లోపలికి నొక్కుకుపోయి టైరును పట్టేసింది. బండి ముందరి జాలీ చీలి, కొమ్ము కొన రేడియేటరులో దిగబడి, నీళ్లు బొటబొటా కారిపోతున్నాయి. దుప్పి రోడ్డు పక్కన పడి కాసేపు కాళ్లు కొట్టుకుంది. ఇస్సాకు దుప్పిని తిట్టాడు, రోడ్డును తిట్టాడు, ఫోర్డును తిట్టాడు, పంక్చరైన టైరును కూడా వదలలేదు. తిట్లన్నీ అయిపోయాక చూస్తే, యాకమ్మ దుప్పి తల దగ్గర కూర్చుని దాని మూతికి చెంబుతో నీళ్లు పోస్తోంది. అది తాగలేదు. దాని ఊపిరి ఆగేదాకా ఆమె అక్కడి నుంచి లేవలేదు.

చీకట్లో చేసేదేమీ లేదు. ఇస్సాకు దూరంగా కాలువ మోరీ గట్టు మీద కూర్చున్నాడు. ముహూర్తం పొద్దెక్కిన తర్వాతే అయినా, తెల్లారేలోగా ఈ బండి కదిలే పని కాదని ఆయనకు తెలుస్తూనే ఉంది. కదలకపోతే పందిట్లో తోటికోడలు కూర్చుంటుంది. ఎవరూ ఏమీ అనరు. పాపం, అడవి దారి, దుప్పి అడ్డమొచ్చిందట అంటారు.

"తమ్మీ," అంది యాకమ్మ చీకట్లోంచి. "నువ్వు తల బయట వెట్టినవ్. నేను మూడుమాట్ల ఒర్రిన."

ఇస్సాకు పగిలిన దీపం వైపు ముఖం తిప్పుకున్నాడు.

"నీ తప్పేం లేదు. నీ జాగల నేనున్నా గంతే జేద్దును."

ఆమె ఆ మాట దెప్పిపొడుపుగా అనలేదు. అంటే బాగుండును, ఆయన కోప్పడేవాడు. కోపం రాక, నిద్ర రాక, తెల్లారేదాకా అలాగే కూర్చున్నాడు.

వెలుగు రాగానే ఒక ఎడ్లబండి వచ్చింది. కట్టెలు వేసుకుని పోతున్న రైతు. మంచివాడే, ఆపి దిగాడు. తన మోకు తీసి మడ్‌గార్డుకు కట్టి ఎడ్లతో లాగిద్దామన్నాడు. లాగించాడు కూడా. రేకు ఇంత పైకి వచ్చింది, టైరు కొంత వదులైంది. ఇంకొంచెం లాగితే సరిపోయేది. ఇంతలో ఎక్కడి నుంచి వస్తున్నారని మాట వరసకు యాకమ్మను అడిగాడు. ఆమె దాచలేదు, కుష్టు దవాఖాన నుంచి అని చెప్పింది. అంతే. ఆ రైతు చేతిలోని మోకు వదిలేశాడు. మళ్లీ దాన్ని ముట్టుకోనైనా లేదు. ఎడ్ల తోకలు మెలేసి, వెనక్కి చూడకుండా పోయాడు.

ఇస్సాకు ఒంట్లో రక్తం సలసల కాగింది. బండి వెంట పరుగెత్తి మరీ తిట్టాడు. మనిషివా, పశువువా అన్నాడు. నీ ఇంట్లో ఆడోళ్లకు వస్తే గిట్లనే విడిచిపెట్టి ఉరుకుతవా అన్నాడు. నీ మోకు నీకే ఉరేసుకోను పనికొస్తది, తీస్కపో అన్నాడు. లారీల మీద నేర్చినవి, తాను కొత్తగా కట్టినవి, ఒక్కటి మిగల్చలేదు. ఎడ్లబండి మలుపు తిరిగి కనబడకుండా పోయాక, రొప్పుకుంటూ కారు దగ్గరికి వచ్చాడు. తలుపు తెరిచే ఉంది. వెనక సీటు మీద గోనెసంచి పరిచినట్టే ఉంది. దాన్ని చూసి ఇస్సాకు నోరు మూతపడింది.

మోకు మాత్రం ఉండిపోయింది కదా. దాని ఒక కొస మడ్‌గార్డుకూ మరో కొస మద్దిచెట్టుకూ కట్టి, జాకీ కడ్డీ పెట్టి మెలితిప్పుతూ మిగిలిన రేకు తానే లాగాడు. యాకమ్మ కడ్డీ జారకుండా రెండు చేతులతో అదిమి పట్టింది. వేళ్లు వంగినా ఆమె చేతుల్లో బలముంది. తర్వాత రేడియేటరు. చిరిగిన గొట్టాలను పటకారుతో మడిచి నొక్కి, పైన బట్టల సబ్బు మెత్తి, పేలికలు కుక్కాడు. పక్క కుంటలోంచి యాకమ్మ పెట్రోలు డబ్బాతో నీళ్లు మోసుకొచ్చింది. పోశారు. పెద్ద ధారలు ఆగాయి గానీ, సన్నగా పదిచోట్ల ఊరుతూనే ఉంది. ఇస్సాకు మళ్లీ తిట్ల దండకం మొదలుపెట్టబోయాడు. అంతలో లారీవాళ్లు చేసే పని గుర్తొచ్చింది. గుప్పెడు పసుపు ఉంటే చాలు, నీళ్లలో కలిపి పోస్తే సన్న చిల్లులు పూడుకుపోతాయి. కానీ ఈ అడవిలో పసుపెక్కడిది అని పైకే అన్నాడు.

యాకమ్మ గబుక్కున మూట వైపు చూసింది. చూసి, కాసేపు అలాగే నిలబడింది. ఆ మూటలో ఉన్నదే పసుపు. దవాఖాన తోటలో కొమ్ములు పండించి, వంగిన చేతులతోనే రోట్లో దంచి, జల్లించి, బిడ్డ పెండ్లికని దాచింది. తల్లిగా ఇవ్వడానికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు. మూట విప్పి, తలంబ్రాలకు సరిపడా పిడికెడు తీసి కొంగున ముడి వేసుకుంది. మిగిలిందంతా ఇస్సాకు ముందు పెట్టింది.

"నేనే పోకుంటె పసుపు పోయేం జేస్తది తమ్మీ," అంది.

నీళ్లు పచ్చగా కలిపి పోశారు. ఫోర్డు రెండు మూడు తిప్పులకు మొరాయించి, నాలుగో తిప్పుకు అందుకుంది. ఊరడం తగ్గింది. ఇస్సాకు ఒక్క ముక్క మాట్లాడకుండా స్టీరింగు పట్టుకున్నాడు. ఈసారి తల లోపలే ఉంది.

ఆత్మకూరు దాకా బాగానే వచ్చింది. ఆ ఊరు ఇక కనబడుతుందనగా ఇంజను కుతకుతలాడి, బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్మింది. ఇస్సాకు బండి ఆపి డబ్బా తీసుకుని నీళ్లకు పరుగెత్తాడు. బావి దగ్గర ఆడవాళ్లు చేది పోసేదాకా నిలబడే ఓపిక లేక తానే చేదుకుని, ఒలుకుతున్న డబ్బాతో తిరిగొస్తూ చూశాడు. యాకమ్మ బానెట్ ఎత్తి ఉంది. సాయం చేద్దామనుకుంది కాబోలు, కాలిపోతున్న రేడియేటరు మూతను ఉత్త చేత్తో పట్టుకుని తిప్పుతోంది. ఆమె ముఖంలో నొప్పి లేదు, చేతి చుట్టూ మాత్రం పొగలు కమ్ముతున్నాయి.

ఇస్సాకు డబ్బా వదిలేశాడు. ఎలా వచ్చాడో తెలియదు, వచ్చి ఆమె చేయి పట్టి ఇవతలికి లాగాడు. అరచెయ్యి ఎర్రగా కమిలి అప్పుడే బొబ్బలు లేస్తోంది. ఆ చెయ్యిని తన రెండు చేతుల్లో పెట్టుకుని, బుద్ధుందా నీకు, కండ్లు లేవా అని కేకలేశాడు.

"కాల్తలేదు తమ్మీ," అంది యాకమ్మ, తప్పు చేసిన చిన్నపిల్లలా. "నాకు ఎర్కనే గాదు."

"నీకు ఎర్క గాదు గని చెయ్యి కాల్తాంది గదా అక్కా."

అక్కా అన్నాడు. రాత్రి నుంచి ఆమెను ఏ పేరు పెట్టీ పిలవనివాడు అక్కా అన్నాడు. ఆ మాట అయ్యాకే ఇద్దరికీ తెలిసింది, ఆయన ఇంకా ఆమె చేయి పట్టుకునే ఉన్నాడని. వదలలేదు. డబ్బాలో మిగిలిన చల్లటి నీళ్లతో కడిగి, భుజం మీది తువ్వాల తీసి, మెత్తగా చుట్టి కట్టాడు. కడుతున్నంతసేపూ తిడుతూనే ఉన్నాడు. యాకమ్మ ఏడ్చింది. కాలినందుకు కాదు. దవాఖానలో కట్లు కట్టే నర్సులు తప్ప ఇన్నేళ్లలో ఆమె చెయ్యి ఎవరూ పట్టుకోలేదు, కట్టుకున్నవాడు కూడా.

తర్వాత ఇస్సాకు వెనక తలుపు తీసి, గోనెసంచి లాగి మడిచి, దాంతో రేడియేటరు మూత తిప్పాడు. మళ్లీ నీళ్లు తెచ్చి పోశాక ఆ గోనెను తన కాళ్ల దగ్గర పడేసుకున్నాడు, దారిలో మళ్లీ మూత తీయడానికి పనికొస్తుందని. ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. పొలిమేర ఇంకా ఎంతో దూరముంది కదా అని ఆయనకు తట్టనే లేదు. తర్వాతి కాలంలో ఆ దవాఖాన నుంచి నయమై ఇళ్లకు పోయేవాళ్లు ఇస్సాకు బండినే అడిగి పిలిపించుకునేవారు. ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, దారంతా వాళ్ల మీద కూడా కసురుకుంటూ తీసుకుపోయేవాడట. ఆ కసుర్లు విన్నాకే మేము మళ్లీ మనుషుల్లో పడ్డామని నమ్మకం కుదిరేదని వాళ్లు చెప్పుకునేవారు.

హనుమకొండ దాటారు, కాజీపేట దాటారు. ఆగిన ప్రతిచోటా నీళ్లు పోశారు. ఘన్‌పూర్ దగ్గరి ఆ పల్లెలోకి ఫోర్డు ఒంటి కన్నుతో, చీలిన మూతితో, పచ్చటి నీళ్లు కార్చుకుంటూ దిగేసరికి పందిట్లో డప్పులు మోగుతున్నాయి. తోటికోడలు పీట మీద కూర్చునే ఉంది. పోశయ్య రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చి, కారు చూసి, కారు ముందు భాగం చూసి, అక్కడే నిలబడిపోయాడు. జనం మూగారు, మూగి కొంచెం దూరంలోనే ఆగారు. డప్పులు ఆగాయి.

మొగిలయ్య పందిట్లోంచి లేచి నిదానంగా నడిచొచ్చాడు. తెల్ల తలపాగా, పెద్ద మీసాలు. వెనక సీటులోకి తొంగి చూశాడు. అక్కడేమీ లేదు. ముందు సీట్లో ఇస్సాకు పక్కనే కూర్చున్న యాకమ్మను చూశాడు. ఆమె చేతికున్న కట్టు చూశాడు.

"కట్టు ఎవలు గట్టిండ్రు?" అని అడిగాడు.

"నేనే గట్టిన," అన్నాడు ఇస్సాకు. "ఎందుకు, మంచిగ గట్టలేదా? నువ్వు గడుతవా?"

రాత్రంతా నిద్రలేని కళ్లు, మసి అంటిన ముఖం. ఇంకొక్క మాట అంటే కొట్టేలా ఉన్నాడు. మొగిలయ్య ఆయన్ను చాలాసేపు చూశాడు. నలుగురిలో తానన్న మాట, ఇప్పుడు నలుగురూ ఆయన ముఖమే చూస్తున్నారు. చేయి చాచి కారు తలుపు తానే తీశాడు. యాకమ్మ చేయి ఆనించి ఉన్న తలుపే అది.

"దిగు చెల్లె," అన్నాడు. "ముహూర్తం దాటుతాంది."

తోటికోడలు పీట మీద నుంచి లేచింది. కోపంగా లేవలేదు, కళ్లు తుడుచుకుంటూ వచ్చి యాకమ్మ కొంగుముడి విప్పి పసుపు తీసుకుంది. వరలక్ష్మి తల్లిని చూసి తల వంచుకుంది. ఆ పిల్ల భుజాలు కదలడం మాత్రం అందరికీ కనిపించింది. పోశయ్య పక్కన యాకమ్మ కూర్చుంది. డప్పులు మళ్లీ అందుకున్నాయి. ఇస్సాకు పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు, బండి చూసుకోవాలన్నాడు. బండి వైపు ఒక్కసారీ చూడలేదు.

పళ్లెంలో పెండ్లికొడుకు కాళ్లు పెట్టించారు. చలికాలం కదా, వేడినీళ్లు కలిపిన చెంబు తెచ్చి యాకమ్మ మంచి చేతికి ఇచ్చారు. ఆమె చెంబు ఎత్తి, అలాగే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఇస్సాకు ఒక్కడికే తెలిసింది. ఆమె తువ్వాల కట్టిన చేతి వంక చూసుకుని, పెండ్లికొడుకు ముఖంలోకి చూసింది.

"నీళ్లు కాలుతానయేమో సూడు బిడ్డా," అంది. "నా చేతికి ఎర్క గాదు."

ఆ పిల్లవాడు వంగాడు. చెంబులో తన వేళ్లు ముంచి చూశాడు. తడి వేళ్లతోనే ఆమె చెయ్యిని కిందికి నడిపించి, తన పాదాల మీదికి తెచ్చి ఆపాడు.

"మంచిగున్నయత్తమ్మా," అన్నాడు. "పొయ్యి."

యాకమ్మ పోసింది.